పండిన గొంతు

నా టోకెన్ ముప్పై ఒకటి. లోపలున్నది ఇరవై నాలుగు. మధ్యలో ఆరుగురు, మనిషికి పది నిమిషాలు వేసుకున్నా గంట, గంటంటే చాలా ఎక్కువ, గంటలో ఎన్నిసార్లైనా మనసు మార్చుకుని లేచి వెళ్లిపోవచ్చు, వెళ్లిపోయినా ఎందుకు వెళ్లిపోయావని అడిగేవాళ్లు లేరు, నేనిక్కడికి వస్తున్నట్టు ఎవరికీ చెప్పలేదు కదా, అమ్మకు డ్యూటీ అని చెప్పాను, డ్యూటీలో ఒంట్లో బాగాలేదని చెప్పాను, మొదటిది అబద్ధమే, రెండోది అబద్ధమో కాదో తేల్చాల్సిన మనిషి ఆ తలుపు వెనక కూర్చుని ఉంది. గోడకు బిగించిన పెట్టెలోంచి ఒక ఆడగొంతు నంబర్లు పిలుస్తోంది. రికార్డు చేసిన గొంతు. 'టోకెన్ నంబర్' అనేంతవరకు ముద్దుముద్దుగా పలుకుతుంది, తీరా అంకె దగ్గరికి వచ్చేసరికి మింగేస్తుంది, ఇరవై ఐదో ఇరవై ఏడో తేలక ఇద్దరు లేస్తున్నారు, తలుపు దగ్గరి ఆయా వాళ్లలో ఒకరిని కూర్చోబెడుతోంది. అంకె మింగకూడదమ్మా తల్లీ, అంకె కోసమేగా నువ్వక్కడ ఉన్నది. ఇంత భయంలోనూ నాకు ఇలాంటి తప్పులే వినపడుతున్నాయి, నా బుద్ధి పాడుగాను.

నాది బస్ స్టేషన్లో అనౌన్సర్ ఉద్యోగం. నాకంటే ముందు నాన్నది. ఇరవై ఆరేళ్లు ప్లాట్‌ఫారాల పైన అద్దాల గదిలో కూర్చుని ఏ బస్సు ఎక్కడికో, ఎన్నింటికో ఆయన చెప్పాడు. ఊళ్లో సగంమందికి ఆయన మొహం తెలియదు, గొంతు తెలుసు, కొట్టుకెళ్లి సబ్బు అడిగితే కొట్టువాడు చటుక్కున తలెత్తి చూసేవాడు. ఇంట్లో మాత్రం మాట పొదుపు, గొంతు డ్యూటీకి దాచుకునేవాడు. ఊరందరికీ బస్సులు చెప్తారు, నాకు మాత్రం ఆకలేస్తోందో లేదో కూడా చెప్పరు అని అమ్మ దెప్పేది. నేను స్కూలు నుంచి తిన్నగా ఆ గదికే వెళ్లేదాన్ని, బల్ల కింద కూర్చుని లెక్కలు చేసుకునేదాన్ని, పైన సిగరెట్ పొగ. రోజుకు నాలుగే అనేవాడు, ఆ నాలుగూ ఆ గదిలోనే, కిటికీ తెరిస్తే ఇంజిన్ల మోత మైకులోకి వస్తుందని అన్నీ మూసి. నేను జన్మలో ఒక్కటి కూడా కాల్చలేదని డాక్టరుతో చెప్పాలి. బల్ల కింద కూర్చున్న సంగతి కూడా చెప్పాలా? ఆయన నాకు పని నేర్పింది కూడా ఆ పొగలోనే. ఊరి పేరు మింగకు, చివర గొంతు లేపకు, అంకె రెండుసార్లు చెప్పు, రెండింటి మధ్య ఊపిరి తీసుకో, ఆ ఊపిరిలోనే వినేవాడు తన సంచీ ఎత్తుకుంటాడు అనేవాడు. ఇప్పుడు నేను తీసుకుంటున్న ఊపిరి మెడలో ఎడమవైపు ఎక్కడో తట్టుకుంటున్నట్టుంది, లేక అలా అనుకుంటున్నానో, అనుకుంటే తట్టుకుంటుంది కూడా, మూడు రాత్రుల నుంచి అనుకుంటూనే ఉన్నాను.

ఇరవై ఐదు. ఒక తల్లి, ఆమె చంకలో చెవి పట్టుకుని ఏడుస్తున్న పాప. చెవే. పాప చెవిపోటు చూసి ఈర్ష్యపడ్డానంటే నా పరిస్థితి ఎక్కడికొచ్చిందో. నాన్న గొంతు మారడం మొదలైన ఏడాది నాకు బాగా గుర్తు, ఎందుకంటే ఆ ఏడాది మా ఇల్లు చాలా సంతోషంగా ఉంది. ముందు కొద్దిగా మందమైంది, తర్వాత అడుగున ఒక గరుకు చేరింది, బండి చక్రం కింద ఇసుక నలిగినట్టు. పొద్దున మొదటి బస్సు చెప్తుంటే టీ తాగేవాళ్లు గ్లాసు దించి వినేవారు. ఆ మాట ముందు అన్నది అమ్మే. ఒక సాయంత్రం ఆయన మంచినీళ్లు అడిగితే గ్లాసు అందిస్తూ, మెచ్చుకోవడం అలవాటులేని మనిషి, కాస్త సిగ్గుపడుతూ అంది.

"ఇన్నాళ్లకు మీ గొంతు పండిందండీ."

ఆయన మొహం ఎలా వెలిగిపోయిందో. ఆ మాట ఇల్లంతా తిరిగి బస్ స్టేషన్ చేరింది, డ్రైవర్లు అన్నారు, టికెట్ కౌంటర్లో అక్క అంది, కంట్రోలర్ గారైతే కొత్తగా చేరినవాళ్లను పైకి పంపి వినిపించేవారు. జలుబైతే కషాయం తాగించేవాళ్లం, దగ్గైతే డాక్టరు దగ్గరికి లాక్కెళ్లేవాళ్లం, బాగుందనుకున్న దానికి మందు ఎవరు వేస్తారు? ఇంకెవరింట్లో అయినా బొంగురు బొంగురులాగే వినపడేది, ఏమయ్యా గొంతు పోయిందేం అని అడిగేవాళ్లు. గొంతు మీద బతికే ఇల్లు మాది, మాకు మాత్రం అది పండినట్టు వినపడింది. నేను అందరికంటే ఒక ఆకు ఎక్కువ చదివాను. అప్పుడే ఆ ఉద్యోగం పరీక్షకు తయారవుతున్నాను, దుప్పటి ముసుగేసుకుని అరిచి, చన్నీళ్లు తాగి, ఆయన గరుకును నా గొంతులోకి తెచ్చుకోవడానికి నాలుగు నెలలు సాధన చేశాను. వచ్చింది. ఆ గొంతుతోనే ఉద్యోగం కూడా వచ్చింది. అచ్చం మీ నాన్నగారే అని అక్కడి పెద్దాయన ఒకరు లేచి నిలబడి మరీ మెచ్చుకున్నారు.

నీళ్లు మింగడం కష్టమైతేగానీ ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లలేదు. అది ఈ ఆసుపత్రి కాదు, కానీ కుర్చీలు ఇవే, ఇలాగే వరసగా ఇనుప కడ్డీకి బిగించినవి, ఒకరు కదిలితే అందరూ కదిలేవి. ఇప్పుడు కూడా ఎవరో కాలు ఊపుతున్నారు, ఆ ఊపు నా వీపులోకి వస్తోంది. గొంతు ఇలా ఎప్పటి నుంచి ఉందని ఆ డాక్టరు అడిగాడు. నేను అమ్మ వైపు చూశాను, అమ్మ నా వైపు చూసింది. మాకు తేదీ తెలుసు. మెచ్చుకోవడం మొదలుపెట్టిన తేదీ. అది జబ్బు తేదీ అని ఆ గదిలో, ఆ నిమిషంలో, ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మనిషి ఆ తర్వాత కూడా వండింది, తిట్టింది, మందులు టైముకు ఇచ్చింది, కానీ ఎవరినీ మళ్లీ మెచ్చుకోలేదు.

ఇరవై ఆరు లోపలికి వెళ్లాడు, ఇరవై ఏడు కూడా వెళ్లబోయి వెనక్కి వచ్చాడు. నాన్నకు స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ మధ్య రంధ్రం, దానికి పల్చటి గుడ్డ, ఊపిరి అక్కడి నుంచే. మాటకు బదులు చిన్న పలక. ఊరంతటికీ వినపడ్డ మనిషి 'ఫ్యాను' అని రాసి చూపించేవాడు, చూసేవాళ్లు లేకపోతే ఆ పలక అలాగే పట్టుకుని కూర్చునేవాడు. ఒక మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా బస్ స్టేషన్‌కు వచ్చి నాలుగో ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చున్నాడు. పై నుంచి అద్దంలో చూశాను. వచ్చాడు, నా గొంతు వినడానికే వచ్చాడు అనుకుని, ఉన్న గరుకంతా పోగుచేసి, ఒక్కో ఊరి పేరూ ఆయన చేతిలో పెడుతున్నట్టే చెప్పాను. షిఫ్టు అయ్యాక పరుగున దిగి వెళ్లి పక్కన కూర్చున్నాను, బాగుందని రాస్తాడని. పలక మీద రాసి చూపించాడు, అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా ఉన్నాయి. 'ఇది నీ గొంతు కాదు. నా జబ్బు.' నేను చదివానని తెలియగానే అరచేత్తో తుడిచేశాడు. ఆ రోజు నుంచి మామూలుగా మాట్లాడటం మళ్లీ నేర్చుకోవడం మొదలుపెట్టాను, ఆర్నెల్లు పట్టింది, నా గొంతు నాకు దొరికేసరికి ఆయన లేడు.

ఆ దొరికిన గొంతుతోనే గొంతు క్యాన్సర్ గురించి ఒక ప్రకటన రికార్డు చేశాను. డిపో మేనేజరు చుట్టూ కాళ్లరిగేలా తిరిగాను. ప్రయాణంలో ఉన్నవాళ్లకు ఆ పేరు ఎందుకమ్మా, బస్సు ఎక్కే ముందు భయపెట్టడం బాగుంటుందా అన్నారు. భయపెట్టాలనే సార్ అన్నాను. చివరికి ఒప్పుకున్నారు, ఒక్క వాక్యం మాత్రం కొట్టేయమన్నారు, అలా అనుకునేది ప్రపంచంలో మీ ఇంట్లోవాళ్లు ఒక్కళ్లేనమ్మా అని. కొట్టేయలేదు. ప్రయాణికులకు విజ్ఞప్తి, మీ గొంతు మూడు వారాలకు మించి బొంగురుగా ఉంటే జలుబులే అని ఊరుకోకండి, గొంతు పండిందని మురిసిపోకండి, అది క్యాన్సర్ కావచ్చు, తొందరగా చూపించుకుంటే నయమవుతుంది. అరగంటకోసారి, రెండేళ్లుగా. టీ కొట్టు ఆయన నన్ను చూస్తే చాలు 'మురిసిపోకండి' అని అదే యాసలో వెక్కిరిస్తాడు, నేనూ నవ్వుతాను. కానీ ఒక బడి మాస్టారు, ఒక పాత కండక్టరు, ఆ వాక్యం విని తమ గొంతు తాము విన్నామని చెప్పి వెతుక్కుంటూ వచ్చారు. కండక్టరుకు ఉంది. తొందరగా దొరికింది, ఇప్పుడు శుభ్రంగా మాట్లాడుతున్నాడు, మాట్లాడటం మొదలుపెడితే ఆపడు. అమ్మ మాత్రం రెండేళ్లుగా బస్ స్టేషన్ వైపు రాదు, చుట్టు తిరిగి మార్కెట్‌కు వెళ్తుంది. ఎందుకని అడగలేదు. ఆ వాక్యం ఎవరిదో మా ఇద్దరికీ తెలుసు, ఊరంతటికీ అరగంటకోసారి నేను అమ్మ తప్పునే చదివి వినిపిస్తున్నాను. నాన్న పేరు మీద మంచిపని చేస్తున్నానని అందరూ అంటారు. అమ్మ ఒక్కసారి కూడా అనలేదు.

ఇవాళ్టికి ఇరవై రెండో రోజు. మొదటి రోజు ఏసీ అనుకున్నాను. మూడో రోజు దుమ్ము. ఆరో రోజు నుంచి అనుకోవడం మానేసి లెక్కపెట్టడం మొదలుపెట్టాను, ఎంత సిగ్గుమాలినదాన్నంటే నా ప్రకటనే నాకు మూడు వారాలు గడువిచ్చిందని ఊరట పడ్డాను, ఇంకా పదిహేను రోజులుంది, ఇంకా పన్నెండు, ఇంకా ఒకటి. ఇరవై ఒకటో రోజు పొద్దున లేచి, ఇవాళ పోయి ఉంటుందని, దిండులో మొహం పెట్టి 'అమ్మా' అని మెల్లగా అని చూసుకున్నాను. పోలేదు. ఇంట్లో మాట తగ్గించాను. గొంతు సవరించుకోకుండా అమ్మతో ఒక్క మాట మాట్లాడటం లేదు, వంటగదిలోకి వెళ్లే ముందు పెరట్లోకి వెళ్లి దగ్గి, ఉమ్మి, అప్పుడు వెళ్తున్నాను, టీవీ చప్పుడు పెంచుతున్నాను, తలూపి సరిపెడుతున్నాను. అమ్మకు తెలియకూడదు. చావుకు భయపడుతున్నానా అంటే పడుతున్నాను, మెడలో రంధ్రానికి ఇంకా ఎక్కువ భయపడుతున్నాను, కానీ అన్నిటికంటే ఎక్కువ భయం అమ్మ మొహం. ఆ చెయ్యి మళ్లీ నోటి దగ్గరికి వెళ్లడం నేను చూడలేను. పదో రోజో పదకొండో రోజో, ఎంక్వయిరీలో కొత్తగా చేరిన అమ్మాయి, పాపం ఏమీ తెలియనిది, టిఫిన్ డబ్బా మూత తీస్తూ అంది, మేడమ్, ఈ మధ్య మీ గొంతు ఎంత బాగుందో, బరువుగా, పాతవాళ్లలాగా అని. థాంక్స్ చెప్పాను. చెప్పి బాత్రూములోకి వెళ్లి గొళ్లెం పెట్టుకుని, నీళ్లు వదిలి, ఎవరికీ వినపడకుండా ఏడ్చాను. ఇది జబ్బు కాకపోవచ్చు, అప్పుడు దుప్పట్లో అరిచి తెచ్చుకున్న గరుకే ఎక్కడో మిగిలిపోయి ఇప్పుడు పైకి వచ్చి ఉండవచ్చు, ఆయన్ని అనుకరించిన పాపానికి ఇదే శిక్ష కావచ్చు, శిక్షయితే ఫరవాలేదు, భరిస్తాను.

ఇరవై తొమ్మిది. ఎవరో నా పక్కన కూర్చున్నారు, కడ్డీ ఊగింది. ముందు చప్పుడు విన్నాను, తర్వాత చూశాను. ఆ చప్పుడు నాకు తెలుసు, ముక్కుతో కాదు, మెడతో తీసుకునే ఊపిరి, తడిగా, ఈలలాగా. తెల్లటి గుడ్డ, శుభ్రంగా ఉతికింది. పెద్దాయన, చక్కగా తల దువ్వుకున్నాడు, నన్ను చూసి పలకరింపుగా నవ్వాడు. నేను రెండేళ్లుగా ఇలాంటివాళ్ల తరఫున మైకులో మాట్లాడుతున్నదాన్ని, కాలేజీలకు వెళ్లి పిల్లలకు చెప్పినదాన్ని, వాళ్లను చూసి మొహం తిప్పుకోకండి, వాళ్లు మనలాంటివాళ్లే అని. లేచాను. ఫోనొచ్చినట్టు నటించి, చెవి దగ్గర పెట్టుకుని, దూరంగా కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఆయన ఎన్నోసార్లు చూసి ఉంటాడు ఇలా లేచి వెళ్లినవాళ్లను, నవ్వు అలాగే ఉంచుకుని గోడ వైపు చూశాడు. కిటికీ కింద పార్కింగులో ఒకాయన స్కూటరు తిప్పలేక అవస్థ పడుతున్నాడు. మెట్లు కుడివైపే ఉన్నాయి. ముప్పై మెట్లుంటాయేమో, దిగితే స్కూటర్ల మధ్య నుంచి రోడ్డు, రోడ్డు దాటితే ఆటో. రేపు వస్తాను. సోమవారం వస్తాను. మైకులో తొందరగా అన్నాను, ఎంత తొందరగానో అనలేదు కదా. మెట్ల వైపు నాలుగడుగులు వేశాను కూడా. పెట్టెలో గొంతు 'టోకెన్ నంబర్' అని ఏదో మింగింది, ఎవరూ లేవలేదు, ఆయా వరండా అంతా వినపడేలా ముప్పై ఒకటి ఎవరండీ అని అరిచింది, ముప్పై రాలేదట, వెళ్లిపోయారట. వెళ్లిపోయారా, నాకంటే ధైర్యవంతులో, నాకంటే పిరికివాళ్లో. నేను చెయ్యెత్తాను. ఎందుకెత్తానో తెలియదు, పిలిస్తే పలకడం చిన్నప్పటి అలవాటు.

డాక్టరమ్మ నాకంటే చిన్నది. ఎప్పటి నుంచి అని అడిగింది, ఇరవై రెండు రోజులు అన్నాను, ఇంత కచ్చితంగా ఎవరూ చెప్పరే అని నవ్వింది. ముక్కులో చేదు మందు కొట్టి, నల్లటి సన్నని తీగ లోపలికి పంపింది, గొంతు మొద్దుబారింది, మింగానో లేదో తెలియడం లేదు, కళ్ల వెంట నీళ్లు వాటంతటవే కారుతున్నాయి. 'ఈ' అనమంది. పక్కన తెర మీద నా గొంతు కనపడింది. ఇన్నేళ్లు దీని మీద బతికి ఎప్పుడూ చూడలేదు. రెండు తెల్లటి పట్టీలు, 'ఈ' అంటే దగ్గరికి వస్తున్నాయి, ఆపితే విడిపోతున్నాయి. ఎడమ పట్టీ అంచున ఒకచోట దళసరిగా, పాలు పొంగి ఆరిపోయిన చోటులా ఒక మచ్చ. ఆమె ఇంకోసారి 'ఈ' అనమంది. ఇంకోసారి. మూడోసారి నవ్వడం మానేసింది.

చిన్న మచ్చే, అది ఏదైనా కావచ్చు, ఏమీ కాకపోనూ వచ్చు, కానీ ముక్క తీసి పరీక్షకు పంపందే చెప్పలేను, గురువారం రండి, మీతో ఎవరొచ్చారు అంది. ఎవరూ లేరన్నాను. ఇంట్లో అంటే అమ్మ అన్నాను. గురువారం ఒంటరిగా రాకూడదు, ఇవాళే చెప్పండి అంటూ కాగితం మీద ఏదో రాసింది. కాగితం పట్టుకుని బయటికి వచ్చాను. పెద్దాయన లేడు, ఆయన కుర్చీ ఖాళీ, క్షమించమని అడగాలనుకున్నాను, ఎలా అడగాలో తెలియదు, ఆయన లేనందుకు బతికిపోయాననుకున్నాను. కూర్చున్నాను. అమ్మకు ఫోను చేశాను. రెండు రింగులకే అమ్మ ఎత్తింది. అలవాటుగా ఫోను పక్కకు పెట్టి గొంతు సవరించుకోబోయాను, మొద్దుబారిన గొంతు సహకరించలేదు, ఉన్నది ఉన్నట్టు, గరుకుతో సహా, బయటికి వచ్చేసింది.

"అమ్మా. గొంతు డాక్టరు దగ్గరున్నాను. మచ్చ ఉందంట. గురువారం ముక్క తీస్తారంట."

ఆ చెయ్యి నోటి మీదికి వెళ్లి ఉంటుంది. నేను కళ్లు మూసుకున్నాను, మూసుకుంటే ఇంకా బాగా కనపడింది.

"పదిహేడు రోజులైంది నేను విని," అంది అమ్మ. "పెరట్లో నువ్వు దగ్గుతుంటే కిటికీ దగ్గర నిలబడి రోజూ వింటూనే ఉన్నాను. అడుగుదామని నోటిదాకా వచ్చేది. అడిగితే నిజం చెప్తావేమోనని భయమేసిందే."

నేను లెక్కపెట్టడం మొదలుపెట్టకముందే తెలిసిన మనిషి, నేను టీవీ చప్పుడు పెంచితే ఇంకొంచెం పెంచమన్న మనిషి. ఒకే ఇంట్లో, ఒకే గోడకు అటూ ఇటూ నిలబడి, ఇద్దరం ఒకరి భయం ఇంకొకరికి వినపడకుండా ఇన్నాళ్లూ కాపలా కాశాం. కోపం రావాలి, రాలేదు. అమ్మ కూడా భయపడిందని తెలిశాక నా భయం ఏమీ తగ్గలేదు, కానీ దాన్ని దాచాల్సిన పని మాత్రం పోయింది.

"గురువారం దాకా ఎందుకు, ఇప్పుడే వస్తున్నాను, అక్కడే కూర్చో," అంది. ఫోను పెట్టెయ్యలేదు. చెప్పుల్లో కాళ్లు దూర్చుకోవడం, తాళంచెవి గుత్తి కింద పడటం, మళ్లీ తీసుకోవడం, తలుపు లాగడం అన్నీ వినపడుతున్నాయి. మెట్లు దిగుతోంది, మోకాళ్లు నొప్పి, ఒక్కో మెట్టుకూ ఆగుతోంది.

"ఏదైనా మాట్లాడు," అంది ఆయాసపడుతూ.

"గొంతు బాగాలేదమ్మా," అన్నాను.

"అందుకే మాట్లాడమంటున్నాను. వింటాను."